ఎక్కువ రాసే సేటు

త్రివేణి తన ఏడాది సంపాదనను పంచాంగం చూసి అంచనా వేసేది. ఉగాది వెళ్ళగానే ఎల్లారెడ్డి బజారులో కొత్త పంచాంగం కొనుక్కొచ్చి, పెన్సిలు పట్టుకుని పెళ్ళి ముహూర్తాలన్నీ ఏరుకునేది. కొన్ని ముహూర్తాల చుట్టూ గట్టి సున్నా, కొన్నిటి చుట్టూ పలచని సున్నా. మూఢం వచ్చే రోజులన్నిటి మీదా అడ్డంగా ఒక గీత.

ఆమె పని పెళ్ళి ఆల్బంలు చెయ్యడం. ఫోటోలు తీసేది స్టూడియోలవాళ్ళు. పెళ్ళివారు ఎంచిన ఫోటోలను కంప్యూటర్లో పేర్చి, రంగులు సరిచేసి, మొహాల మీది చెమట తుడిచి, పేజీ పేజీగా ఆల్బం కట్టేది త్రివేణి. ఆల్బంకింత అని డబ్బు. జీతమని ఒకటి లేదు, ఫలానా తేదీకి వస్తుందన్న భరోసా లేదు. పెళ్ళయిన మర్నాడే డబ్బు రాదు కూడా. పెళ్ళికూతురు అత్తగారింటి మర్యాదలు తీర్చుకుని, ఆషాఢానికి పుట్టింటికి చేరి, తల్లితో, చెల్లెళ్ళతో కూర్చుని ఫోటోలు ఎంచాలి. అంటే ఎండాకాలం పెళ్ళిళ్ళ డబ్బు శ్రావణంలో చేతికొస్తుంది. మాఘం పెళ్ళిళ్ళది ఎప్పుడొస్తుందో చెప్పడం కష్టం, పరీక్షలు రాసే పెళ్ళికూతుళ్ళుంటారు. ఇవన్నీ కలుపుకుని ఆమె ఒక అంకె వేసేది. ఏడాది చివర చూసుకుంటే ఆ అంకె అటూ ఇటూగా నిలబడేది.

ఈ అంచనా ఇంట్లోవాళ్ళు అడిగింది కాదు. హైదరాబాదులో ఆల్బంలు అచ్చువేసే కంపెనీ ఒకటి ఆమెకు పని ఇస్తూ, డబ్బులో పదోవంతు ముందే కోసి ఆమె పేరున ప్రభుత్వానికి కట్టడం మొదలుపెట్టింది. ఏడాది చివర రిటర్ను వేసి, నా సంపాదన ఇంతే, పన్ను పడేంత లేదు అని చెప్పుకుంటే ఆ కోసిన డబ్బు తిరిగి వస్తుంది. త్రివేణి వీడియోలు చూసి ఆ పని తనే నేర్చుకుంది. మొదటిసారి రిటర్ను నింపుతున్నప్పుడు వృత్తి ఏమిటి అని అడిగిన చోట ఆమె చెయ్యి కాసేపు ఆగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. భర్త నవీన్‌ను ఎవరైనా నీ భార్య ఏం చేస్తదని అడిగితే, "ఇంట్లనే ఉంటది, కంప్యూటర్ ముందట కూసుంటది" అనేవాడు. అతనికున్నది రెండెకరాలు. కోతల కాలంలో వేరేవాళ్ళ హార్వెస్టర్ నడుపుతాడు. చెడ్డవాడు కాదు. భార్య ఏం చేస్తుందో చెప్పడానికి అతనికి మాట దొరకలేదు, అంతే.

ఆమె పనిని పనిగా చూసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, అత్త రామవ్వ.

రామవ్వది లింగంపేట. గౌను వేసుకునే వయసు నుంచీ బీడీలు చేసింది. కాపురానికి వచ్చేటప్పుడు కూడా ఒళ్ళో కత్తెర పెట్టుకునే వచ్చిందని చెప్పుకుని నవ్వేది. త్రివేణి కోడలుగా వచ్చిన కొత్తలో ముందుగదిలో ఒక మూల చాట ముందు అత్త, ఇంకో మూల కంప్యూటర్ ముందు కోడలు. ఒకరిది బీడీల కట్టల లెక్క, ఒకరిది ఆల్బంల లెక్క. పొద్దు కుంగేసరికి ఇద్దరి నడుములూ ఒకలాగే నొచ్చేవి.

"గా పిల్ల ముక్కు జర సక్కగ చెయ్యరాదే, నీకు పుణ్యముంటది," అనేది రామవ్వ చాటలోంచి తలెత్తి.

"వద్దత్తమ్మా, మొగడు గుర్తుపట్టడు."

"గుర్తుపట్టకుంటేనే నయముంటది కొందరికి."

కార్ఖానా గుమాస్తా సంగతులు రామవ్వ కథలు కథలుగా చెప్పేది. వంద కట్టలు తీసుకుపోతే ఆకు బాగలేదని కొన్ని, తంబాకు తక్కువైందని కొన్ని ఏరి పక్కన పడేసేవాడట. పడేసినవాటిని మళ్ళీ తిరిగి ఇవ్వడు. పుస్తకంలోనూ రాయడు. "నా బతుకంత తక్కువనే రాసిండ్రు బిడ్డా," అనేది. ఊపిరి ఆడక దగ్గు పట్టుకున్నాక రామవ్వ చాట పక్కనపెట్టింది. కార్ఖానాలో తన పేరునున్న కార్డు మూసేసి పీఎఫ్ తీసుకుంది. ఆ తర్వాత బీడీ కార్మికులకు సర్కారు ఇచ్చే పింఛను వచ్చింది.

ఆ పింఛనంటే రామవ్వకు ఉన్న ఇష్టం చూసి తీరాలి. పింఛను రోజున మంచి చీర కట్టుకుని, పక్కింటి గౌరవ్వను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు పోయేది. గౌరవ్వ కూడా బీడీల మనిషే, పింఛను తీసుకుంటూ ఇంకా చేస్తూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ బస్టాండు ముందు హోటల్లో మిర్చిబజ్జీ తిని చాయ్ తాగేవారు. చాయ్ పైసలు ఎప్పుడూ రామవ్వే ఇచ్చేది, గౌరవ్వను ఇవ్వనిచ్చేది కాదు. కొడుకును అడగకుండా, కోడలిని అడగకుండా ఒకరికి చాయ్ తాగించగలగడం ఆమెకు అరవై ఏళ్ళు దాటాక దొరికిన సుఖం.

*

కామారెడ్డిలో బాలమల్లుకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళికి ముందు త్రివేణి డిగ్రీ చదువుతూ అక్కడ కౌంటర్లో కూర్చునేది. ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆల్బం పని నేర్పింది బాలమల్లే. ఒక్క రూపాయి అడగలేదు. అందుకే ఆమె ప్రతి యేడూ రాఖీ పున్నమికి కామారెడ్డి పోయి అతనికి రాఖీ కట్టేది. ఆమె చేసే ఆల్బంలలో సగానికి పైగా అతని స్టూడియోవే. మిగతా స్టూడియోలవాళ్ళు కూడా బాలమల్లు చెప్పాడనే ఆమెకు పని ఇచ్చేవాళ్ళు.

ఆ యేటి రాఖీనాడు ఆమె పళ్ళెంలో దీపం వెలిగిస్తుంటే బాలమల్లు అడిగాడు.

"ఏం చెల్లే, ఈ యేడు నీ పంచాంగం ఎంతంటుంది?"

"లక్షా ఎనభై దాటదన్నా. ఎండాకాలంల మూఢమొచ్చింది కద."

"గట్లనా." అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "నేను నా లెక్కల్ల నీకు ఐదు లక్షలు ఇచ్చినట్టు రాసుకుంట."

"ఇయ్యకుండనే?"

"ఇచ్చినట్టు. నాకు జర పన్ను తక్కువ పడ్తది. నీకేం పోతది చెప్పు? ఏడు లక్షల దాక పన్నే లేదాయె. నేను నీ పేరు మీద కోసి కట్టే పైసలన్ని మళ్ల నీకే వాపసొస్తయ్. గవి అన్న పెట్టిన రాఖీ కట్నమనుకో."

త్రివేణికి చెప్పడానికి మాటలు లేకపోలేదు. నేను ఒక్కొక్క ముహూర్తం లెక్కపెట్టి వేసుకున్న అంకె అన్నా అది, అందామనుకుంది. కానీ ఒక చేతిలో పళ్ళెం ఉంది, ఇంకో చేతి వేలికి కుంకుమ ఉంది. బాలమల్లు నవ్వుతూ నుదురు ముందుకు వంచాడు. కుంకుమ వేలితో ఎదురుగా ఉన్న నుదుటిని ఎంతసేపు ఆపగలదు? బొట్టు పెట్టింది. అతను దాన్ని సరేననుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆమె కూడా సరేననే పెట్టింది.

రిటర్ను నింపేటప్పుడు బాలమల్లు చూపించిన అంకెకు తన అంకెను సరిపెట్టింది. చేసిన ఆల్బంలకన్నా చెయ్యని ఆల్బంలే ఎక్కువున్నాయి ఆ లెక్కలో. ఏ పంచాంగంలోనూ లేని ముహూర్తాలకు ఎవరెవరికో పెళ్ళిళ్ళు చేసినట్టనిపించింది. పంపేసింది. మరుసటి రాఖీకి ముందు డబ్బు వాపసు వచ్చింది. అంత డబ్బు ఆమె ఖాతాలో ఒకేసారి ఎన్నడూ పడలేదు. పాత కంప్యూటర్ ఎలాగూ ఒక పేజీ తెరవడానికి ఒక చాయ్ తాగేంత సేపు తీసుకుంటోంది. కొత్తది కొన్నది.

"గింత పెద్దదా! ఎవలిచ్చిండ్రే?" అంది రామవ్వ దాని చుట్టూ తిరిగి చూసి.

"సర్కారు వాపసిచ్చిందత్తమ్మా."

"సర్కారు ఊకెనే ఇస్తదా?" అని రామవ్వ నవ్వింది. త్రివేణి కూడా నవ్వింది.

*

ఆ యేడు దసరా పోయాక ఒక కుర్రాడు పింఛన్ల ఎంక్వైరీ అంటూ ఫోను పట్టుకుని ఇంటికి వచ్చాడు. త్రివేణి బజారుకు పోయింది. రామవ్వ గడప మీద కూర్చుని ఉంది.

"అవ్వా, మీ కోడలు ఐటీ రిటర్ను ఏస్తదట కద?"

"ఏస్తదేమొ బిడ్డా. మస్తు చదువుకున్నది," అంది రామవ్వ గర్వంగా.

తర్వాతి పింఛను రోజున రామవ్వ మంచి చీర కట్టుకుని పోస్టాఫీసుకు పోయింది. వరుసలో నిలబడింది. వేలు పెట్టింది. పేరు రావడం లేదన్నారు. మళ్ళీ చూడమంటే మళ్ళీ చూసి, ఇంట్లో ఏడాదికి ఐదు లక్షలు సంపాదించే మనిషి ఉందని పేరు తీసేశారని చెప్పారు. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ విన్నారు. గౌరవ్వ విన్నది.

"లక్షల కోడలుండంగ నీకేం తక్కువే రామవ్వా," అంది గౌరవ్వ బయటికి వచ్చాక. ఆ రోజు చాయ్ పైసలు గౌరవ్వ ఇచ్చింది.

రామవ్వ ఇంటికి వచ్చి కోడలి కంప్యూటర్ ముందు నిలబడింది.

"ఐదు లక్షలా?"

త్రివేణి ఉన్నదున్నట్టు చెప్పింది. బాలమల్లు అడిగింది, తను కాదనలేకపోయింది, వాపసు వచ్చిన డబ్బుతో కంప్యూటర్ కొన్నది, అంతా. నవీన్ కూడా అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"మరి మిగిలినయి యాడున్నయ్?" అన్నాడు.

"మిగిలినయి లేవు. రాలేదు. బ్యాంకు పుస్తకం సూడు కావాలంటే."

"బ్యాంకుల లేకపోతె ఏంది, చేతికిచ్చిండొచ్చు."

వచ్చిన డబ్బును చూపించవచ్చు. రాని డబ్బును ఎక్కడ చూపిస్తారు? త్రివేణి భర్తను వదిలేసి అత్తవైపు తిరిగింది. ఆమె నమ్మితే చాలనుకుంది. ఆ గదిలో తన నడుము నొప్పి తెలిసిన మనిషి ఆమే.

"అత్తమ్మా, నువ్వన్న నమ్ము. ఆయన రాసుకున్నడు. నాకియ్యలేదు."

రామవ్వ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు. బీడీ కట్టను చేతిలోకి తీసుకుని లోపల ఆకు ఎలా ఉందో చూసినట్టు చూసింది.

"యాభై యేండ్లు చేసిన బిడ్డా నేను. ఎందరో సేట్లను సూసిన. చేసిందానికన్న తక్కువ రాసేటోళ్ళనే సూసిన. ఎక్కువ రాసే సేటు యాడనన్న ఉంటడా?"

అని లోపలికి పోయింది.

*

త్రివేణి కామారెడ్డి బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఎక్కువేం అడగదలచుకోలేదు. స్టూడియోలో పెళ్ళి జంట ఒకటి ఫోటోలకు కూర్చుని ఉంటే, వాళ్ళు వెళ్ళేదాకా బయట బల్ల మీద కూర్చుంది.

"ఒక్క మాట మా అత్తమ్మతోని చెప్పన్నా," అంది. "నీ కోడలికి గన్ని పైసలు ఇయ్యలేదు అని. ఫోన్లనే చెప్పు. ఇంక వేరే ఏం వద్దు."

బాలమల్లు తలుపు దగ్గరికి వేశాడు.

"పిచ్చిలేసిందా చెల్లే? గసొంటి మాటలు ఫోన్ల చెప్తరా? రేపు ఆమె పక్కింటామెతోని అంటది, పక్కింటామె ఇంకొకలతోని అంటది. నా స్టూడియోకు తాళమేపిస్తవా ఏంది?"

"ఆమె నన్ను నమ్ముతలేదన్నా."

"నమ్మకం సంగతి కాదిది, పింఛన్ సంగతి. గంతే కద?" అతను గల్లాపెట్టె తెరిచాడు. "నెలకింత నేనే ఇస్త. అవ్వ నాకు మాత్రం తల్లి కాదా? తీస్కపో."

అతను ఆ మాట మనసారానే అన్నాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు. తిట్టినా బాగుండేది. నోట్లు తీసుకుంది. తెచ్చి రామవ్వ చేతిలో పెట్టింది.

"నీ పింఛన్ పైసలత్తమ్మా. నెల నెల ఇస్త."

రామవ్వ నోట్లను లెక్కపెట్టలేదు. మడిచి బొడ్డుసంచిలో దోపుకుంది.

"దాసిన కాడికెంచి తీస్తున్నవా?" అంది.

ఆ తర్వాత త్రివేణి బాలమల్లు దగ్గర ఆ డబ్బు తీసుకోలేదు. తన ఆల్బంల డబ్బులోంచే నెలనెలా ఇచ్చింది. ఎక్కణ్ణుంచి ఇచ్చినా రామవ్వకు అది దాచినచోటు నుంచి వచ్చినట్టే ఉండేది. పింఛను రోజున ఆమె ఇప్పుడు పాత చీరలోనే ఉంటోంది. గౌరవ్వ ఒక్కతే పోయి వస్తోంది.

ఆ వేసవిలో రిటర్ను వేసేటప్పుడు అంకె మళ్ళీ బాలమల్లు రాసిందే. అప్పటికే రాసి ఉంది, ఎదురు చెప్పాలంటే అన్న మీద ఫిర్యాదు చెయ్యాలి. ఆమె చెయ్యలేదు. వాపసు వచ్చిన డబ్బును మాత్రం ముట్టుకోలేదు. రాఖీ పున్నమికి దాన్నంతా కవర్లో పెట్టుకుని కామారెడ్డి పోయింది. ముందు రాఖీ కట్టింది, బొట్టు పెట్టింది, మిఠాయి తినిపించింది. పళ్ళెం పక్కన పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని అప్పుడు చెప్పింది.

"ఇది నీ కట్నమన్నా. ఇంక ఇచ్చినంతే రాయి."

బాలమల్లు కవరు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"సరే చెల్లే. నీ ఇష్టం," అన్నాడు. బస్టాండు దాకా తన బండి మీద దింపాడు కూడా.

ఆ తర్వాత అతని నుంచి ఫోటోలు రాలేదు. ఫోను చేస్తే ఎత్తేవాడు, బాగోగులు అడిగేవాడు. "ఇప్పుడు సాఫ్టువేరే పేజీలన్ని పేర్చి పెడ్తుంది చెల్లే. మనిషితోని పనే లేకుండయింది," అనేవాడు. మిగతా స్టూడియోల వాళ్ళు ఫోను ఎత్తడం కూడా మానేశారు. హైదరాబాదు కంపెనీ అప్పుడప్పుడూ ఒకటి పంపేది. ఆ ఒక్కటీ అయిపోయాక కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా పాత టవలు కప్పింది త్రివేణి.

రామవ్వ ఆ టవలును కొన్నాళ్ళు చూసింది.

"సాలినంత జమైనట్టుంది," అంది ఒకనాడు కొడుకుతో, కోడలు వినేటట్టు. "ఇంక చేసే అవసరం లేదు."

*

నెలనెలా ఇచ్చే డబ్బు ఆగిపోయింది. కార్తీకం వచ్చేసరికి రామవ్వ అటకమీది చాట దింపించింది. కార్డు మూసేసుకున్న మనిషికి కార్ఖానాలో ఆకు ఇవ్వరు. గౌరవ్వే దారి చూపింది. ఆకు, తంబాకు గౌరవ్వ కార్డు మీద వస్తాయి. రామవ్వ చేసి ఇస్తుంది. గౌరవ్వ తన కట్టలతో కలిపి అప్పజెప్పి, రామవ్వ కూలి రామవ్వకు ఇస్తుంది. పీఎఫ్ మాత్రం గౌరవ్వ పేరున పడుతుంది. ఎల్లారెడ్డి గల్లీలలో ఇది వింత కాదు.

రామవ్వ దగ్గుతూ ఆకు కత్తిరిస్తోంది. వేళ్ళు మునుపటిలా పోవడం లేదు. తంబాకు ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. పక్కన టవలు కప్పిన కంప్యూటర్. త్రివేణి వచ్చి చాటకు ఇవతల కూర్చుని ఒక ఆకు అందుకోబోయింది. రామవ్వ చాటను అవతలికి జరుపుకుంది.

"నీకెందుకమ్మా. లక్షలోళ్ళకు ఈ కంపు పనేంది?"

త్రివేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచిపోవాలనుకుంది. అంతలో గౌరవ్వ గడపలోకి వచ్చి కట్టలు అయ్యాయా అని అడిగింది. రామవ్వ కట్టలు ఎత్తి ఆమె బుట్టలో వేసింది.

"ఈ వారం మనిద్దరివి కలిపి మస్తయినయే రామవ్వా," అంది గౌరవ్వ. "గుమాస్తా నవ్వుతుండు. గౌరవ్వా, నీకు నాలుగు చేతులు మొలిసినయా అని." నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

రామవ్వ పళ్ళతో దారం తెంపింది.

"అత్తమ్మా," అంది త్రివేణి. "గౌరవ్వ చేసిందానికన్న ఎక్కువ రాస్తున్నరు కద ఆమెకు."

"రాస్తే? చేసేది నేను. పైసలు నాకొస్తున్నయ్."

"ఆ పైసలు నీకిస్తున్నట్టు పుస్తకంల ఉన్నదా?"

రామవ్వ ఒక ఆకు అందుకుంది.

"రేపెవరన్న వచ్చి, గౌరవ్వా నీకు గిన్ని పైసలొచ్చినయి, ఏం చేసినవ్ అంటే, ఆమె ఏం చూపిస్తది?"

రామవ్వ చేతిలోని ఆకును ఊరికే తిప్పుతూ కూర్చుంది. ఆకు అంచు చిరిగింది. ఆమె చేతిలో ఆకు చిరగడం త్రివేణి ఎన్నడూ చూడలేదు. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తీసుకుంది. అదీ ముందుకు పోలేదు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి, కొంగుతో నోరు తుడుచుకుంది. కోడలి మొహం చూడలేదు. టవలు కప్పిన కంప్యూటర్ వైపూ చూడలేదు.

చాట ఉన్న చోటే ఉంది. రామవ్వ దాన్ని ఇవతలికి జరపలేదు.

"ఆకు ఎండిపోయింది," అంది కొంతసేపటికి. "జర నీళ్ళు సల్లు."

త్రివేణి నీళ్ళు తేవడానికి లేచింది.